నాణేలు ఒక్కసారే వేయండి: చైనా యీ జింగ్ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల యీ జింగ్ గురించి ఓ రెండు పేజీలు రాశాను కదా, దానికి వచ్చినన్ని మెయిల్స్ ఈమధ్య దేనికీ రాలేదు. అది చదవనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. చైనాలో జౌ రాజుల కాలం నాటి పుస్తకం అది, దగ్గర దగ్గర మూడువేల ఏళ్ళ పాతది. అందులో 64 బొమ్మలుంటాయి, ఒక్కోదాన్ని గువా అంటారు. ఒక్కో గువాలో కింద నుంచి పైకి ఆరు అడ్డగీతలు, గీత నిండుగా ఉంటే యాంగ్, మధ్యలో తెగి ఉంటే యిన్. మనసులో ఒక ప్రశ్న పెట్టుకుని, నాణేలు వేసో పుల్లలు లెక్కపెట్టో ఆ ఆరు గీతలు తెచ్చుకుని, ఆ గువా కింద రాసున్న మాటలు చదువుకోవాలి, పద్ధతి అంతే. నేను సింగపూర్‌లో ఉన్నప్పుడు పక్క ఫ్లాట్ పెద్దావిడ దగ్గర నేర్చుకున్నా, రాజమండ్రి వచ్చేశాక కూడా వదల్లేదు. సరే, ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నా. వేరే కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, హైక్ బాగానే ఉంది కానీ ఊరు మారాలి. ఫోన్‌లో యీ జింగ్ యాప్ వేసుకుని అడిగితే ఫస్ట్ బాగుందని వచ్చింది, డౌట్ వచ్చి మళ్ళీ అడిగితే ఆగమని వచ్చింది, మూడోసారి ఇంకేదో. అర్ధరాత్రి దాకా పదిహేను సార్లు నొక్కుంటా. వీటిలో ఏది కరెక్ట్? అసలు యాప్‌లో చూడటం తప్పా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: మొదటిదే అండీ. మిగతా పద్నాలుగూ వదిలేయండి. ఇది నేను సొంతంగా చెప్తున్న మాట కాదు, ఆ పుస్తకంలోనే ఉంది. నాలుగో గువా పేరు మెంగ్, ఇంకా లోకం తెలియని పసితనం అన్నమాట. దాని కింద ఏముందంటే, మొదటిసారి అడిగితే చెప్తాను, రెండోసారి మూడోసారి అడిగితే విసిగించడం, విసిగిస్తే చెప్పను అని. ఇంత సూటిగా చెప్పాక కూడా మనం మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నామంటే మనకి జవాబు అక్కర్లేదు, మనకి నచ్చే జవాబు కావాలి. మీరు పదిహేనుసార్లు అడిగింది యీ జింగ్‌ని కాదు, మీ భయాన్ని. అది పెరిగిందే గానీ తగ్గలేదు కదా.

యాప్ తప్పని నేనెప్పుడూ అనను. మీ ఫీల్డ్ వాళ్ళకి ఈ పుస్తకంతో చుట్టరికం కూడా ఉంది. 1703లో జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ సున్నా ఒకట్లతో లెక్కలు చేసే పద్ధతి మీద వ్యాసం అచ్చు వేసినప్పుడు, చైనాలో ఉన్న బువే అనే పాదిరీ పంపిన 64 గువాల పటం చూసి, తెగిన గీత సున్నా, నిండు గీత ఒకటి అనుకుంటే ఇది నా లెక్కే కదా అని పొంగిపోయాడు. మీ కంప్యూటర్లు నడిచేది ఆ సున్నా ఒకట్ల మీదే కదా. ఆరు బిట్లు, 64 బొమ్మలు. ఇక ఇప్పటి చైనాలో అయితే 2025 మొదట్లో కుర్రాళ్ళు డీప్‌సీక్ అనే ఏఐ యాప్‌లో పుట్టిన తేదీ, టైం కొట్టి జాతకాలు చెప్పించుకోవడం పెద్ద ట్రెండ్ అయిపోయింది. కాబట్టి ఫోన్ అనేది సమస్య కాదు. మూడు సెకన్లలో జవాబు వచ్చేస్తే మూడు సెకన్లలో ఇంకోసారి అడగాలనిపిస్తుంది, అదీ సమస్య. చేత్తో పుల్లలు లెక్కపెడితే ఒక గువాకి అరగంట పడుతుంది, ఆ అరగంట అయ్యాక మళ్ళీ అడిగే ఓపిక ఎవరికీ ఉండదు, పైగా ఆ అరగంటలో సగం జవాబు మనకే తట్టేస్తుంది.

ఇంకో విషయం, మీ ప్రశ్న కూడా మార్చాలి. వెళ్ళాలా వద్దా అని అడిగితే ఈ పుస్తకం అవును కాదు అని చెప్పదు, ఇసుక అంటుంది, బురద అంటుంది, బావి అంటుంది, నక్క తోక తడిసింది అంటుంది. వాటితో అవును కాదు తేల్చుకోలేక మీరు మళ్ళీ నొక్కుతారు. "ఈ ఉద్యోగానికి వెళ్తే నేను దేనికి సిద్ధపడాలి" అని కాగితం మీద పెన్నుతో రాయండి, తేదీ వేయండి. రాసేటప్పుడే తెలిసిపోతుంది మీ బెంగ జీతం గురించా, ఊరి గురించా, లేకపోతే ఇంట్లో ఇంకా చెప్పని విషయం గురించా అని.

ప్రశ్న: ఐ చింగ్ అనాలా, యీ జింగ్ అనాలా? కొరియా జెండా మీద ఉన్న గీతలు కూడా ఇవేనా? (ఇంటర్ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: యీ జింగ్ అనమ్మా. ఐ చింగ్ అనేది పాతకాలం ఇంగ్లీషు స్పెల్లింగుని మనం అక్షరాల్లో చదివేయడం వల్ల వచ్చింది. జెండా మీదవి ఇవే, కాకపోతే ఆరు కాదు, మూడేసి గీతలు. అలాంటివి మొత్తం ఎనిమిది, అందులో నాలుగు, అంటే ఆకాశం, భూమి, నీరు, నిప్పు ఆ జెండా నాలుగు మూలల్లో ఉంటాయి. మూడు మీద మూడు పేర్చితే ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, అవే మన గువాలు.

ప్రశ్న: నమస్తే అండీ. మా మరదలు ఫెంగ్‌షుయ్ షాపులో కొని ఇచ్చిన మూడు ఇత్తడి నాణేలు ఉన్నాయి, మధ్యలో చదరపు చిల్లు, ఎర్ర రిబ్బన్‌తో కట్టి ఉంటాయి. పర్సులో పెట్టుకుంటే డబ్బు నిలుస్తుందన్నారు, నిలవలేదు లెండి. వాటితో యీ జింగ్ చూడొచ్చా? ఎలా వేయాలో ఒకసారి చేసి చూపించినట్టు రాయండి. (గృహిణి, కాకినాడ)

జవాబు: రిబ్బన్ విప్పేయండి, శుభ్రంగా వాడుకోవచ్చు. ఒక్కోదానికి ఒకవైపు నాలుగు చైనా అక్షరాలుంటాయి, రెండోవైపు మామూలుగా రెండే మాటలు, అవి మంచూ లిపి, అలాంటి నాణేలు ముద్రించిన చింగ్ రాజుల భాష అది. నాలుగు అక్షరాల వైపు పడితే 2, రెండో వైపు పడితే 3 అనుకోండి. అవి లేకపోతే మన రూపాయి బిళ్ళలు మూడైనా చాలు, సింహాల వైపు 3, అంకె వైపు 2. మన బొమ్మా బొరుసే, కాకపోతే ఒకేసారి మూడు. ఏ వైపుకి ఏ అంకె అని ముందే ఫిక్స్ అవ్వాలి, వేశాక మార్చకూడదు.

మూడూ కలిపి వేస్తే మొత్తం 6, 7, 8, 9 లో ఒకటి వస్తుంది. 7 వస్తే నిండు గీత, 8 వస్తే తెగిన గీత. 9 కూడా నిండు గీతే కానీ పండిపోయి తెగిన గీతగా మారబోతోంది, 6 తెగిన గీతే కానీ నిండుగా మారబోతోంది. అలా ఆరుసార్లు వేసి కింద నుంచి పైకి గీసుకుంటూ రావాలి. చాలామంది పై నుంచి కిందకి గీసేస్తారు, అప్పుడు వేరే గువా అయిపోతుంది, జాగ్రత్త.

నాదే చెప్తా. అమ్మ పోయిన తర్వాత ఊళ్ళో ఇల్లు అమ్మేద్దామని తమ్ముడు, ఇప్పుడే వద్దని నేను, ఇద్దరం మాట్లాడుకోవడం మానేసే దాకా వచ్చింది. ఒకరోజు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా పాత దుప్పటి మడతపెట్టి నేల మీద పరిచి (గచ్చు మీద వేస్తే దొర్లిపోతాయి), "ఇల్లు అమ్మే విషయంలో నేనెలా నడుచుకోవాలి" అని రాసి వేశా. 7, 9, 7, 8, 7, 8 వచ్చాయి. కింద మూడు నిండు గీతలు అంటే ఆకాశం, పైన తెగింది నిండుది తెగింది అంటే నీరు. అది ఐదో గువా, పేరు షూ, అంటే ఎదురుచూడటం. అందులో ఒక మనిషి నది వైపు నడుస్తూ ఆగుతుంటాడు, మొదటి గీతలో ఊరి బయట ఆగుతాడు, రెండో గీతలో ఇసుకలో, మూడో గీతలో బురదలో, అలా ప్రమాదం దగ్గరవుతూ ఉంటుంది. నాకు 9 వచ్చింది, అంటే మారే గీత, రెండోది, ఇసుక. దాని కింద రాసుంది, ఇసుకలో ఆగడం, కొంచెం మాటలు పడాలి, చివరికి మంచిది అని. గోదారి ఒడ్డున పుట్టినదానికి ఇసుక అంటే ఏంటో ఒకరు చెప్పాలా, కాలు కూరుకుపోదు, అలాగని గట్టి నేలా కాదు, ఇంకో నాలుగడుగులు వేస్తే బురదే. ఆ రెండో గీతని మారిస్తే 63వ గువా వస్తుంది, అయిపోయింది అని దాని పేరు, మొదట బాగుంటుంది చివర్లో చెదిరిపోతుంది అని దాని కింద మాట. నాకు అర్థమైంది ఏంటంటే, తొందరపడి అమ్మేసి పని అయిపోయిందనుకుంటే అసలు గొడవ అక్కడ మొదలవుతుంది అని. తమ్ముడికి ఫోన్ చేసి ఏడాది ఆగుదాంరా అన్నా, నాలుగు మాటలన్నాడు, పడ్డాను. ఏడాది తిరిగాక వాడే ఊరికి వచ్చి అమ్మ బీరువా నాతో కలిసి సర్దాడు, ఆ తర్వాతే అమ్మాం. నాణేలకి భవిష్యత్తు తెలుసని చెప్పడానికి ఇదంతా రాయట్లేదు. ఆ "కొంచెం మాటలు పడాలి" అన్న ముక్క లేకపోతే నేను ఆ ఫోన్ చేసేదాన్ని కాదు.

ప్రశ్న: అక్కా, నాకు రెండో గువాలో ఐదో గీత మారేది వచ్చింది, "పసుపు రంగు కింది వస్త్రం, పరమ శుభం" అని ఉంది. నేను ఆప్షన్స్ ట్రేడింగ్ చేస్తా, ఆరు నెలల్లో కొంత పోయింది. మా అమ్మ బంగారం బ్యాంకులో పెట్టి ఒకేసారి పెద్ద అమౌంట్‌తో రికవర్ చేద్దామని అడిగా, ఇది వచ్చింది. అమ్మకి తర్వాత చెప్పొచ్చులే అనుకుంటున్నా. ఇంతకంటే మంచి గీత లేదంటున్నారు, నిజమేనా? (వయసు 26, వరంగల్)

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా ఆరోజే మెయిల్ పెట్టాను, చూసే ఉంటావు. మిగతావాళ్ళ కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నా.

నీకు వచ్చిన గీతే, అచ్చంగా అదే గీత, క్రీస్తుపూర్వం 530లో లూ అనే రాజ్యంలో నాన్ క్వాయ్ అనే అతనికి వచ్చింది. జువో జువాన్ అనే పాత చరిత్ర గ్రంథంలో ఉంది ఈ కథ. అతను ఒక పెద్ద కుటుంబం కింద ఒక పట్టణం చూసుకునే ఉద్యోగి, యజమాని మీదే తిరగబడాలనుకున్నాడు. విషయం ఏంటో చెప్పకుండా పుల్లలు లెక్కపెట్టించాడు, పసుపు వస్త్రం పరమ శుభం అని వచ్చింది. ఎగిరి గంతేసి హ్వీబో అనే పెద్దాయనకి చూపించి, నేనొక పని చేయబోతున్నా ఎలా ఉంటుంది అన్నాడు. ఆయనేమన్నాడో చూడు. నేనిది చదువుకున్నాను, నమ్మకంగా నిలబడే పని అయితే జరుగుతుంది, కాకపోతే చెడిపోతుంది అన్నాడు. పసుపు అంటే మధ్యలో నిలిచే రంగు, కింది వస్త్రం అంటే కింద ఉండాల్సింది కిందే అణకువగా ఉండటం, ఈ రెండూ నీలో ఉంటేనే ఆ శుభం నీది, అయినా ప్రమాదపు పనులకి యీ జింగ్ పనికిరాదు అన్నాడు. నాన్ క్వాయ్ వినలేదు. తిరుగుబాటు విఫలమై పక్క రాజ్యానికి పారిపోయాడు.

నువ్వు కూడా అమ్మకి చెప్పకుండా అడిగావు కదా. విషయం దాచి అడిగితే వచ్చిన శుభం ఎవరిది?

దీనికి ఎదురుగా ఇంకో కథ ఉంది, అదే గ్రంథంలో, క్రీస్తుపూర్వం 564 నాటిది. అదే లూ రాజ్యంలో మూ జియాంగ్ అనే రాజమాత కుట్ర చేసి దొరికిపోయింది, తూర్పు భవనంలో ఉంచేశారు. అక్కడికి వెళ్ళేటప్పుడు పుల్లలు వేయిస్తే మంచి గువా వచ్చింది, అనుసరించడం అని పేరు, తప్పు లేదు అని కింద రాసుంది. చూసినాయన, అమ్మా మీరు త్వరగా బయటపడతారు అన్నాడు. ఆవిడ, లేదు, ఇందులో చెప్పిన మంచి గుణాలు ఉన్నవాళ్ళకి తప్పు లేదు, నాకు అవేవీ లేవు, చెడు చేసి వచ్చాను, నేను ఇక్కడే పోతాను అంది. అక్కడే పోయింది. నాకు ఈ రెండువేల ఐదువందల ఏళ్ళ కిందటి ముద్దాయి అంటే ఎంత గౌరవమో చెప్పలేను. చేతిలో మంచి జవాబు పెట్టుకుని, ఇది నాది కాదు అనగలగడం మాటలా.

ఇక లెక్క కూడా విను. 2024లో షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ ఇచ్చిన రిపోర్టు ప్రకారం మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ చేసిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. బంగారం ముట్టుకోవద్దు. పోయిన డబ్బు సంగతి ఈ ఆదివారమే అమ్మకి చెప్పెయ్. నిద్ర పట్టకపోవడం గురించి కూడా రాశావు కదా, దానికి డాక్టర్‌ని కలువు, నాణేలని అడగకు.

ప్రశ్న: మేము సింగపూర్‌లో ఉంటాం. వాటర్లూ స్ట్రీట్‌లో శ్రీకృష్ణన్ గుడికి వెళ్ళినప్పుడల్లా పక్కనే ఉన్న క్వాన్ ఇమ్ అనే చైనా అమ్మవారి గుడిలో జనం డబ్బాలో పుల్లలు గలగలా ఊపడం, ఎర్రటి అర్ధచంద్రాకారం ముక్కలు నేల మీద పడేయడం చూస్తుంటాం. అది కూడా యీ జింగేనా? మనలాంటివాళ్ళు చేయొచ్చా? (ఒక తెలుగు కుటుంబం, సింగపూర్)

జవాబు: ఆ వీధి పేరు చూడగానే అగరుబత్తి పొగ వాసన వచ్చేసిందండీ నాకు. యీ జింగ్ కాదు, అది వేరే దారి. యీ జింగ్‌లో మీరూ పుస్తకమూ అంతే, అక్కడ మీరు అమ్మవారిని అడుగుతున్నారు. డబ్బాలో నంబర్లు వేసిన వెదురు పుల్లలుంటాయి, మోకాళ్ళ మీద కూర్చుని మీ పేరు, ఊరు, ప్రశ్న మనసులో చెప్పుకుని కొంచెం వంచి ఊపితే ఒకటి బయటకి జారి పడుతుంది. రెండు పడితే లెక్కలోకి రావు, మళ్ళీ ఊపాలి. ఆ నంబర్ నాదేనా అని అడగడానికే ఆ ఎర్ర ముక్కలు, ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. పడేస్తే ఒకటి చదునుగా ఒకటి ఉబ్బుగా పడితే అవును. రెండూ ఉబ్బు పైకి పడితే కాదు. రెండూ చదును పైకి పడితే దేవుడు నవ్వుతున్నాడు అంటారు, అంటే ప్రశ్న సరిగ్గా లేదు, సరిచేసుకుని అడుగు అని. నాకు ఈ మూడోది మహా ఇష్టం, మన పూల ప్రశ్నల్లో చిట్టీల్లో ఇలాంటిది ఉండదు.

చేయొచ్చు, ఎవరూ వద్దనరు. కృష్ణుడి గుడి ముందు చైనావాళ్ళు కూడా ఆగి అగరుబత్తి వెలిగించి దణ్ణం పెట్టుకోవడం మీరూ చూసే ఉంటారు. ఫోటోలు మాత్రం తీయకండి, వెనక జనం ఉంటారు, తొందరగా లేవండి. హాంకాంగ్ వెళ్తే వాంగ్ తాయ్ సిన్ గుడి కూడా చూడండి, అక్కడ వంద పుల్లలు, చెప్పేవాళ్ళ కొట్లు వరసగా ఉంటాయి.

ప్రశ్న: మేడమ్ నేను టెన్త్. తాబేలు చిప్ప మీద జోస్యం రాసేవాళ్ళని చదివా. ఎలా? (కరీంనగర్)

జవాబు: యీ జింగ్ కంటే ముందు సంగతి అది నాన్నా, షాంగ్ రాజుల కాలం, మూడువేల ఏళ్ళు దాటింది. తాబేలు పొట్ట చిప్పకో ఎద్దు భుజం ఎముకకో వెనకవైపు చిన్న గుంటలు చెక్కి, అక్కడ కాల్చేవాళ్ళు, టప్‌మని ముందువైపు చీలిక పడేది. ఆ చీలికని చూసి రాజు చెప్పేవాడు, తర్వాత ఆ ప్రశ్నా జవాబూ ఆ ఎముక మీదే చెక్కేవాళ్ళు. చైనా లిపిలో మనకి బాగా తెలిసిన అన్నిటికన్నా పాత రాతలు అవే, ఆన్‌యాంగ్ అనే ఊరి దగ్గర దొరికాయి, పండితులు వాటిని గుర్తుపట్టింది 1899లో. ఒక తాబేలు చిప్ప మీద వూ డింగ్ రాజు తన రాణి ఫూ హావో కాన్పు గురించి అడిగాడు. ఫలానా రోజుల్లో అయితే మంచిది అని జోస్యం. కింద ఏం జరిగిందో కూడా రాశారు, 31 రోజులకి వేరే రోజున కాన్పయింది, మంచిది కాలేదు, ఆడపిల్ల అని. నాకు ఆ ముక్క చదివితే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఆ ఫూ హావో స్వయంగా సైన్యాలు నడిపించిన మనిషి, 1976లో ఆవిడ సమాధి తవ్వితే ఆయుధాలు కూడా బోలెడు బయటపడ్డాయి.

ప్రశ్న: రిటైర్డ్ లెక్కల మాస్టారిని. నాణేలు వేస్తుంటే జూదంలా ఉందమ్మా, పుల్లలతో చేద్దామంటే చైనాలో ఆ పుల్లలు కోసే యారో మొక్క ఇక్కడ దొరకదు. ఏం వాడను? రెండిటికీ లెక్కలో తేడా ఉందా? (గుంటూరు)

జవాబు: మాస్టారూ, ఆ మొక్క జాతిదే మన హోమియో షాపుల్లో మిల్లీఫోలియం పేరుతో చుక్కల మందుగా దొరుకుతుంది గానీ కాడలు దొరకవు. నేను కొబ్బరి ఈనెలు వాడతా. కొత్త చీపురు కొనేటప్పుడే ఓ గుప్పెడు పక్కన పెట్టి, రెండు చివర్లూ తీసేసి జానెడు పొడవున యాభై కోసుకుని, పాత కాటన్ జాకెట్ గుడ్డలో చుట్టి పెట్టుకున్నా.

యాభైలో ఒకటి తీసి పక్కన పెట్టేయాలి, అది ఇక ముట్టుకోం. మిగతా 49ని చూడకుండా రెండు కుప్పలు చేయాలి. కుడి కుప్పలోంచి ఒక ఈనె తీసి ఎడమచేతి చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య పెట్టుకోవాలి. ఎడమ కుప్పని నాలుగేసి చొప్పున తీసేస్తూ పోతే చివర ఒకటో రెండో మూడో నాలుగో మిగుల్తాయి, అవి తర్వాతి వేలి సందులో. కుడి కుప్ప కూడా అంతే. ఇప్పుడు వేళ్ళ మధ్య ఉన్నవి మొత్తం 5 గానీ 9 గానీ అవుతాయి, వాటిని పక్కన పెట్టేయండి. మిగిలిన 44 లేదా 40తో మళ్ళీ అదే పని, ఈసారి 4 గానీ 8 గానీ. మూడోసారి కూడా అంతే. చివరికి మిగిలిన ఈనెల్ని నాలుగుతో భాగిస్తే 6, 7, 8, 9 లో ఒకటి వస్తుంది, అది ఒక గీత. ఆరు గీతలకి పద్దెనిమిది సార్లు.

లెక్కలో తేడా ఉంది, మీకు నచ్చుతుంది కూడా. నాణేలతో 6 వచ్చే అవకాశం పదహారింట రెండు, 9కీ రెండే. పుల్లలతో 6కి పదహారింట ఒకటే, 9కి మూడు. అంటే యిన్ నిలకడగా ఉంటుంది, యాంగ్ తొందరగా మారుతుంది. మారే గీతల మొత్తం సంఖ్య మాత్రం సగటున రెండు పద్ధతుల్లోనూ సమానమే.

మొదట్లో వేళ్ళ సందుల్లోంచి ఈనెలు జారిపోతాయి, లెక్క తప్పుతుంది, కంగారు పడొద్దు. మొదటి విడతలో 5, 9 కాకుండా, తర్వాత విడతల్లో 4, 8 కాకుండా వేరే అంకె కనబడిందంటే ఎక్కడో తప్పినట్టే. ఆ గీత ఒక్కటీ మళ్ళీ 49తో మొదలుపెట్టుకోండి, అది రెండోసారి అడగడం కిందకి రాదు.